ఎంత, ఎన్ని తెలిసిన పిల్లలకు మచ్, మెనీ రావా?

మహారాష్ట్రలోని భివండీలో తెలుగు మీడియం పిల్లల గురించి ఒక అభిప్రాయం పాతుకుపోయింది. వీళ్ళకు మెనీ ఎక్కడ వాడాలో, మచ్ ఎక్కడ వాడాలో ఎన్నేళ్ళు చెప్పినా తలకెక్కదట. ఫ్యూకీ ఎ ఫ్యూకీ తేడా తెలియదట. కారణమేమంటే తెలుగులో ఆ తేడాలే లేవట, అన్నిటికీ ‘చాలా’ అనో ‘కొంచెం’ అనో సరిపెట్టుకుంటామట. అందుకని ఇంగ్లీషు రావాలంటే ముందు తెలుగులో ఆలోచించడం మానెయ్యాలట. ఊళ్ళో నిజాంపురాలో ట్యూషన్లు చెప్పేవాళ్ళ దగ్గర మొదలుకొని, సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల డ్యూటీ చేసి పిల్లల ఫీజులు కట్టే పద్మానగర్ తల్లిదండ్రుల దాకా ఈ మాట నమ్మనివాళ్ళు తక్కువ. హైదరాబాదు, విజయవాడల్లో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే కేంద్రాలు నడిచేదీ ఈ నమ్మకం మీదే. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి బతుకుదెరువు కోసం వచ్చి, భివండీలో తెలుగు బడులు నిలబెట్టుకున్న నేత కుటుంబాలు ఈ మాట విని పిల్లల్ని ఆ బడులు మాన్పిస్తున్నాయి. కనుక ఇది వ్యాకరణ పండితులు తమలో తాము తేల్చుకుని ఊరుకోదగ్గ విషయం కాదు. ఆ అభిప్రాయం తప్పు. ఎక్కడెక్కడ తప్పో వివరంగా చెప్పాలి.

మొదటి ఆరోపణ తెలుగులో తేడా లేదన్నది. తెలుగు పిల్ల ఏదైనా ‘ఎన్ని ఉప్పు’ అంటుందా? ‘ఎంత మేకలు’ అంటుందా? అయిదేళ్ళు నిండకముందే ఉప్పు ఎంత, మేకలు ఎన్ని అని తడబడకుండా అడుగుతుంది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ వదిలేసి ఎంతమంది అంటుంది. లెక్కపెట్టేదానికి ఒక మాట, కొలిచేదానికి ఒకటి, మనుషులకు ఇంకొకటి. ఇవేవో విడి విడి మాటలు కూడా కావు, వరసలు వరసలుగా నడిచే ఏర్పాటు. ఎన్ని, ఎంత, ఎందరు. ఇన్ని, ఇంత, ఇందరు. అన్ని, అంత, అందరు. కొన్ని, కొంత, కొందరు. ఇంగ్లీషులో కొన్ని, కొంత, కొందరు మూడింటికీ కలిపి సమ్ ఒక్కటే. అన్నీ, అంతా, అందరూ మూడింటికీ ఆల్ ఒక్కటే. పరిమాణం చెప్పేటప్పుడు ఇంగ్లీషు రెండుగా విడదీసేచోట తెలుగు మూడుగా విడదీస్తుంది. ఇంత గట్టి పునాది ఉన్న పిల్లను పట్టుకుని ‘నీ భాషలో తేడా లేదు’ అనడం అజ్ఞానం. ఆ మాట పాఠం చెప్పే మాస్టారి నోట రావడం అన్యాయం.

‘చాలా’ సంగతి చూద్దాం. ఔను, చాలా మేకలు అంటాం, చాలా ఉప్పు అంటాం. కాని ఇంగ్లీషులో సరిగ్గా ఈ పని చేసే మాట ఉంది, ఎ లాట్ ఆఫ్. అది మేకలకూ చెల్లుతుంది, ఉప్పుకూ చెల్లుతుంది. పైగా ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్ళు మామూలు మాటల్లో, అవును అని చెప్పే వాక్యాల్లో, మచ్ అనే మాటను ఒంటరిగా దాదాపు వాడరు. ‘ఐ హావ్ మచ్ మనీ’ అనేది వ్యాకరణ పుస్తకం ఒప్పుకున్నా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మచ్ ఎక్కువగా వినిపించేది ప్రశ్నలోనూ, లేదు కాదు అనే వాక్యంలోనూ. ప్రశ్న దగ్గరేమో మనకు ఎంత, ఎన్ని సిద్ధంగా ఉన్నాయి. అంటే తెలుగు చాలాకు ఇంగ్లీషు ఎ లాట్ ఆఫ్, తెలుగు ఎన్నికి హౌ మెనీ, ఎంతకు హౌ మచ్ నేరుగా దొరుకుతాయి. ఇంత దగ్గరి దారి ఉండగా, పట్టిక గీసి అటు కౌంటబుల్ ఇటు అన్‌కౌంటబుల్ అని అర్థం తెలియని రెండు పేర్లు బట్టీ పెట్టిస్తున్నాం.

నేతపని ఇళ్ళలో పుట్టిన పిల్లలకు ఈ పేర్లు బట్టీ పెట్టించడం మరీ విడ్డూరం. లెక్కపెట్టడానికీ కొలవడానికీ ఉన్న తేడా మీదే సాంచా పని అంతా నడుస్తుంది. నూలు కిలోల్లో తూచి కొంటారు. పడుగులో పోగులు లెక్కపెడతారు. అంగుళానికి ఎన్ని పిక్కులు (పేక పోగులు) పడ్డాయో లెక్కపెడతారు. బట్టను మీటర్లలో కొలుస్తారు, తాకాల్లో (తానుల్లో) లెక్కపెడతారు. నూలు సన్నదనానికి చెప్పే కౌంటు అన్న మాటే చూడండి. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో అది ఆ నూలు కౌంటు. 40 చిలపలు వస్తే 40 కౌంటు, 60 వస్తే 60 కౌంటు, అంకె పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. లెక్కకు దొరకని నూలును చిలపలు చేసి లెక్కకు తేవడమే ఇందులో ఉన్న పని. ఇంగ్లీషు వ్యాకరణం ఎ పీస్ ఆఫ్, ఎ బ్యాగ్ ఆఫ్, ఎ మీటర్ ఆఫ్ అని చేసేదీ ఇదే. ‘నూలు ఎంత? చిలపలు ఎన్ని?’ అన్న రెండు ప్రశ్నలు పక్కపక్కన బోర్డు మీద రాస్తే, మాస్టారు అరగంట చెప్పినా ఎక్కని సంగతి నిజాంపురా పిల్లలకు నిమిషంలో అర్థమవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. భివండీలో తెలుగు పిల్ల ఒక్క తెలుగుతో బతకదు. వీధిలో ఉర్దూ, హిందీ, ఆఫీసుల్లో బస్సుల్లో మరాఠీ. మరాఠీలో పాలకైనా పిల్లలకైనా కితీ ఒక్కటే. హిందీలో కిత్‌నా, కిత్‌నే, కిత్‌నీ అని లింగాన్నీ వచనాన్నీ బట్టి మారుతుంది. తెలుగులో ఎంత, ఎన్ని, ఎందరు. ఒకే పూటలో కిరాణా కొట్టులో ఒక రకంగా, బడిలో ఒక రకంగా, ఇంట్లో ఒక రకంగా అడిగి తప్పు లేకుండా సరుకు తెచ్చుకునే పిల్లకు, ఒక్కో భాష ప్రపంచాన్ని ఒక్కో రకంగా విడదీస్తుందని ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలుగో భాష ఇంకోలా విడదీస్తుందంటే ఆ పిల్ల బెదరదు. నీ పాత భాషలన్నీ మరిచిపో అంటేనే బెదురుతుంది.

మరి తప్పులు ఎందుకు వస్తున్నాయి? వస్తున్న మాట నిజమే. తేడా తెలియక కాదు, ఇంగ్లీషు ఏ నామవాచకాన్ని ఏ పక్కన పెట్టిందో తెలియక వస్తున్నాయి. ఇందులో పెద్ద తర్కమేమీ లేదు. గోధుమలు ఇంగ్లీషులో వీట్, లెక్కకు రాని మాట. ఓట్స్ అనే ఇంకో ధాన్యం బహువచనం. రెండూ గింజలే. ఒకప్పుడు బఠాణీలను పీజ్ అని ఉప్పులాగా, పిండిలాగా లెక్కలేని మాటగా వాడేవారు. జనం ఆ చివరి ‘జ్’ను బహువచనం అనుకుని పీ అనే ఏకవచనాన్ని పుట్టించుకున్నారు. అంటే ఇంగ్లీషువాళ్ళ నోట్లోనే మాటలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిగాయి. భివండీకి దగ్గరి ఉదాహరణ కావాలంటే బట్టే ఉంది. క్లాత్ అంటే తానులో ఉన్న బట్ట, అది కొలిచేది. అదే క్లాత్‌ను క్లాత్స్ అంటే రకరకాల గుడ్డలు, తుడుచుకునే గుడ్డలు, అవి లెక్కపెట్టేవి. క్లోద్స్ అంటే ఒంటి మీది బట్టలు. అది ఎప్పుడూ బహువచనమే, కాని త్రీ క్లోద్స్ అని అనకూడదు. మెషీన్‌ను లెక్కపెట్టవచ్చు, మెషినరీని లెక్కపెట్టకూడదు. షెడ్డులో నిలబడి చూస్తే రెండూ ఆ సాంచాలే. ఇన్‌ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్, లగేజ్ కూడా ఇంతే. ఇవి నియమంతో వచ్చేవి కావు. మాటను నేర్చుకునేటప్పుడే దాని పక్కన మచ్ చేరుతుందో మెనీ చేరుతుందో కలిపి నేర్చుకోవాలి. మన బడుల్లో మాటల అర్థాలు ఒక రోజు, మచ్ మెనీ పాఠం ఇంకో రోజు. ఆ రెంటికీ మధ్య పడే గుంటలో పిల్లలు పడితే, నేరం తెలుగు మీదికి పోతోంది.

ఇక్కడ ఎదుటివాళ్ళు అడగదగిన ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. తెలుగు వల్ల తప్పులు రావడం లేదా? కొన్ని వస్తున్నాయి. తెలుగులో నీళ్ళు, పాలు బహువచనాలు. కొన్ని నీళ్ళు ఇవ్వమంటాం, ఎన్ని పాలు పొయ్యాలని అడుగుతాం. కనుక మెనీ వాటర్, మెనీ మిల్క్ అని నోటికి రావడంలో వింత లేదు. తెలంగాణ ఇళ్ళలో పైసలు ఎన్ని ఉన్నయని అడుగుతారు, అందుకని హౌ మెనీ మనీ. అదే పిల్ల డబ్బు అనే మాట వాడినప్పుడు ఎంత డబ్బు అంటుంది. ఆ వాక్యాన్ని గుర్తుచేస్తే హౌ మచ్ మనీ తనకు తానే వస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. తప్పు పాలు అన్న మాట బహువచనం కావడంలో ఉందని కనిపెట్టాలంటే తెలుగులోకి తొంగిచూడాలా వద్దా? తరగతిలో తెలుగు మాట వినపడకూడదని నిషేధిస్తే పిల్ల నోట్లో తెలుగు ఆగుతుంది, తలలో ఆగదు. తప్పు చేసే కారణం లోపలే ఉండిపోతుంది, మాస్టారికి కనబడదు, పిల్లకూ కనబడదు. 1957లో రాబర్ట్ లాడో అనే అమెరికన్ పండితుడు తల్లిభాషకూ నేర్చుకునే భాషకూ తేడా ఉన్నచోట కష్టం వస్తుందని పుస్తకం రాశాడు. తల్లిభాష అడ్డం అన్న నమ్మకానికి ఆయన పేరు చెప్పుకునేవాళ్ళున్నారు. కాని ఆయన చెప్పింది రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడమని. ఒకదాన్ని గెంటెయ్యమని చెప్పలేదు. పదేళ్ళ తర్వాత, 1967లో, పిట్ కోర్డర్ అనే భాషాశాస్త్రవేత్త ఇంకో అడుగు ముందుకేసి, నేర్చుకునేవాడి తప్పు వాడి తలలో ఇప్పుడు ఏ నియమం నడుస్తోందో చెప్పే సాక్ష్యం అన్నాడు. మెనీ మిల్క్ అన్న పిల్ల లెక్క తెలియనిది కాదు. తన భాష నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించిన పిల్ల.

ఫ్యూ, ఎ ఫ్యూల దగ్గర మన గైడు పుస్తకాలు చేసే చెరుపు అన్నిటికంటే ఎక్కువ. రెండింటికీ ఎదురుగా ‘కొన్ని’ అని అచ్చువేస్తారు. పిల్ల రెండూ ఒకటే అనుకుంటుంది. అనుకోక ఏం చేస్తుంది? ఇక్కడ కూడా తెలుగులో తేడా ఉంది, అది మాటలో కాక మాట చివర ఉంది. ‘కండెలు కొన్ని ఉన్నాయి’ అంటే సాంచా నడుపుకోవచ్చు. ‘కండెలు కొన్నే ఉన్నాయి’ అంటే లేచి వెళ్ళి తెచ్చుకోవాలి. బుట్టలో ఉన్న కండెలు రెండుసార్లూ అవే. మొదటిది ఎ ఫ్యూ, రెండోది ఫ్యూ. ‘కొంచెం నూలుంది’ అంటే ఎ లిటిల్, ‘కొంచెమే ఉంది’ అంటే లిటిల్. చాలాచోట్ల ఫ్యూకు సరైన తెలుగు ‘పెద్దగా లేవు’. ఈ తేడా బతుకుతెరువుకు సంబంధించింది. బట్టను పరీక్ష చేసినవాడు ఫ్యూ డిఫెక్ట్స్ అని రాస్తే, లోపాలు పెద్దగా లేవు, సరుకు బాగుంది అని. ఎ ఫ్యూ డిఫెక్ట్స్ అని రాస్తే కొన్ని లోపాలున్నాయి, చూసుకోండి అని. ఆ ఒక్క ‘ఎ’ పొరపాటున రాలిపోతే కొనేవాడు ఒకటి అనుకుంటాడు, అమ్మేవాడు ఇంకోటి అనుకుంటాడు. తెలుగు ‘ఏ’కారం చేసే పనిని ఆధారం చేసుకుని చెప్పకపోతే ఈ తేడా తెలుగు పిల్లకు అంత తేలిగ్గా బోధపడదు.

ఎవరూ లేరు, ఏమీ లేదు అనే వాక్యాలదీ ఇదే కథ. ‘ఎవరూ రాలేదు’ అన్న వాక్యంలో లేదన్న అర్థం క్రియలోనే ఉంది. ఎవరూ అన్నది నోబడీ కాదు, ఎనీబడీకి దగ్గర. ఇది చెప్పకపోతే పిల్ల నోబడీ డిడ్ నాట్ కమ్ అంటుంది. ఆల్ ద లూమ్స్ ఆర్ నాట్ రన్నింగ్ అన్న వాక్యం కూడా చూడండి. అన్ని సాంచాలూ ఆగిపోయాయా, కొన్నేనా? ‘అన్నీ నడవడం లేదు’ అని తెలుగులో అన్నా ఆ తికమక ఉంటుంది. అందుకే మనం ‘ఒక్కటీ నడవడం లేదు’ అనో, ‘కొన్నే నడుస్తున్నాయి’ అనో విడదీసి చెబుతాం. ఆ విడదీసిన తెలుగు నుంచి నన్‌కూ, నాట్ ఆల్‌కూ వెళితే తప్పు జరగదు.

తెలుగును తప్పుపట్టే ఈ వ్యాకరణ పాఠాలు తమ ఇంగ్లీషు విషయంలోనైనా సరిగా ఉన్నాయా అంటే అదీ లేదు. అవును వాక్యంలో సమ్, ప్రశ్నలో ఎనీ అని నియమం చెబుతారు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని ‘వుడ్ యు లైక్ సమ్ టీ’ అని అడగడం మర్యాద. అది ప్రశ్న, ఉన్నది సమ్. ‘ఎనీ బస్ విల్ డూ’ అంటే ఏ బస్సయినా సరే. అది అవును వాక్యం, ఉన్నది ఎనీ. తెలుగులో ఏదో, ఏదైనా, ఏదీ అనే మూడు మాటలకు ఉన్న తేడాతో చెబితే ఇది తేలిగ్గా తెలిసేది. ఇక లెస్, ఫ్యూయర్‌ల గొడవ. లెక్కపెట్టే వస్తువులకు లెస్ వాడితే అక్షరాస్యుడు కాడన్నట్టు మార్కులు కోసేస్తారు. ఇంగ్లీషులో లెస్‌ను లెక్కపెట్టేవాటికి వాడటం వెయ్యేళ్ళ నాటి అలవాటు. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన తన పుస్తకంలో, ఇక్కడ ఫ్యూయర్ అంటే తనకు బాగుంటుందనిపిస్తోందని రాశాడు. ఒకాయన ఇష్టం తర్వాతివాళ్ళ చేతిలో చట్టమైంది. ఆ చట్టాన్ని ఇంగ్లండులోనే దుకాణాలు పట్టించుకోలేదు. టెస్కో సూపర్‌మార్కెట్ వాళ్ళు 10 ఐటమ్స్ ఆర్ లెస్ అన్న బోర్డులు పెట్టుకున్నారు, వ్యాకరణం పేరిట గొడవ పడలేక 2008లో అప్ టు 10 ఐటమ్స్ అని మార్చుకున్నారు. లండన్‌లో కూడా కుదురుకోని నియమానికి భివండీ పిల్ల మార్కులు ఎందుకు పోగొట్టుకోవాలి? ఫ్యూయర్ నేర్పవద్దని కాదు. అర్థం మార్చే తప్పులు ముందు దిద్దాలి, ఫ్యూ, ఎ ఫ్యూ, నోబడీ, నాట్ ఆల్ లాంటివి. మెషినరీస్, ఇన్‌ఫర్మేషన్స్ లాంటివి తర్వాత, ఓపికగా. లెస్, ఫ్యూయర్ అన్నిటికంటే చివర.

ఇంగ్లీషు వాతావరణంలో ముంచితే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారని కొందరు వాదిస్తారు. వాతావరణం ఉన్నచోట నేర్చుకుంటారు, సందేహం లేదు. నిజాంపురాలో ఆ వాతావరణం ఎక్కడుంది? మహారాష్ట్రలో 2000 నుంచి ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు చెబుతున్నారు. కాని రోజుకు ఒక పీరియడు ఇంగ్లీషు, మిగిలిన రోజంతా సాంచాల చప్పుడు మధ్య తెలుగూ ఉర్దూ మరాఠీ. ఆ ఒక్క పీరియడును ముంచడం అనరు. ఆ కాస్త సమయంలో పిల్లకు ముందే తెలిసినదాన్ని ఆసరా చేసుకోకపోతే ఆ పీరియడు కూడా వృథా. తెలుగులో ఆలోచించి మాట్లాడితే మాట ఆలస్యమవుతుందని ఇంకో అభ్యంతరం. మొదట్లో అవుతుంది. కొత్తగా ఏ పని నేర్చినా అంతే, వాడుక పెరిగాక మధ్యలోని తెలుగు తనంతట తాను తప్పుకుంటుంది. తల్లిభాషలో బలపడ్డ అవగాహన రెండో భాష నేర్చుకునేటప్పుడు పనికొస్తుందని జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త 1979లోనే ప్రతిపాదించాడు. మన రాజ్యాంగం 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయమంటోంది. మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి తెలుగులో పుస్తకాలు అచ్చువేస్తోంది. ఇన్ని ఆధారాలు చేతిలో ఉండగా ఇంగ్లీషు పీరియడు మొదలవగానే తెలుగును గుమ్మం బయట నిలబెట్టడం పిల్లలకు చేసే ద్రోహం. ప్రపంచంలో ఎవరి ఇంగ్లీషు వాళ్ళది, తప్పులు దిద్దడమే అనవసరం అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతోనూ నేను ఏకీభవించను. బిల్లు రాసే పిల్ల, రేపు కోర్టు కాగితం చదవాల్సిన పిల్ల ఎ ఫ్యూ దగ్గర మోసపోకూడదు.

భివండీ తెలుగు బడుల్లో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పరిమాణ పదాల పాఠం తీసిన రోజున పట్టిక గీయకముందు ఎంత, ఎన్ని, ఎంతమంది అని తెలుగులో రాయండి. నూలు, కండెలు, పాలు, పైసలు, బట్ట అనే అయిదు మాటలిచ్చి, తెలుగులో ఏది దేంతో కలుస్తుందో పిల్లల చేతే చెప్పించండి. తర్వాత ఇంగ్లీషులో ఎక్కడ అలాగే కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో చూపించండి. కొన్ని, కొన్నే అని పలికించి ఎ ఫ్యూ, ఫ్యూ రాయించండి. బాలభారతి తెలుగు మీడియం పిల్లల కోసం ఇలాంటిది ఒక్క పేజీ అచ్చువేయాలి. తల్లిదండ్రులకు చెప్పేది కూడా ఒకటే. మీ పిల్లకు ఇంగ్లీషు రావడం లేదని బడి మాన్పించే ముందు, ఆ బడిలో ఇంగ్లీషు ఎలా చెబుతున్నారో వెళ్ళి అడగండి.